పనికి వెళ్లనంటున్న తమ్ముడు

ప్రశ్న: మాది చిత్తూరు, బెంగళూరులో స్థిరపడ్డాము. ఇరవై ఆరేళ్ల మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి స్వల్పంగా బుద్ధిమాంద్యం ఉంది. పీణ్యలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో మూడేళ్లుగా ఇష్టంగా పనిచేస్తున్నాడు; జీతం పడిన రోజు అందరికీ తనే మైసూర్‌పాక్ తెచ్చేవాడు. రెండు నెలలుగా పొద్దున లేస్తూనే కడుపునొప్పి అంటున్నాడు, నెత్తురు వచ్చేదాకా గోళ్లు కొరుక్కుంటున్నాడు. కడుపులో ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పారు. అమ్మ పని మాన్పించేద్దామంటోంది. ఏం చేయమంటారు?
— ఒక అక్క, బెంగళూరు

జవాబు: ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోకండి. మూడేళ్లు ఇష్టంగా వెళ్లిన మనిషి ఒక్కసారిగా వెనక్కి తగ్గాడంటే ముందుగా పనిచోట ఏం మారిందో చూడాలి. మాటల్లో చెప్పుకోలేని వారి ఒత్తిడి తరచుగా ఇలా కడుపునొప్పిగానో, చిరాకుగానో, నిద్రలేమిగానో బయటపడుతుంది. దాన్ని "వాడి తత్వమే అంత" అని వదిలేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

"ఎందుకు వెళ్లవు?" అని అడిగితే అతను చెప్పలేకపోవచ్చు. గేటు దాటిన దగ్గర నుంచి తిరిగి బస్సెక్కే దాకా పక్కన ఎవరుంటున్నారు, భోజనం ఎవరితో చేస్తున్నాడు, ఎవరు గట్టిగా మాట్లాడారు అని ఒక్కొక్కటిగా, తొందరపెట్టకుండా అడగండి. సూపర్‌వైజర్ మారారేమో కనుక్కోండి. "పెట్టెలు మడిచి, లేబుళ్లు అంటించి, ఆ మూల సర్దు" అని ఒక్క గుక్కలో, అదీ తనకు సరిగా రాని భాషలో చెబితే, మొదటి మాట అందుకునేలోపే మూడోది జారిపోతుంది. ఆలస్యమైతే తిట్లు పడతాయి, ఆ భయంతో చేయి మరింత తడబడుతుంది. తోటివారి ఎగతాళి ఉందేమో కూడా తప్పకుండా తెలుసుకోండి.

ఆ తర్వాత యాజమాన్యంతో మాట్లాడండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిధిలో మేధో వైకల్యం (బుద్ధిమాంద్యం), మానసిక అనారోగ్యం రెండూ ఉన్నాయి. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా వికలాంగ ఉద్యోగులకు కల్పించే సౌకర్యాలను సమాన అవకాశాల విధానంగా ప్రకటించాలి. ఆ పత్రాన్ని అడగండి. మీరు కోరవలసినవి ఖర్చుతో కూడినవి కావు: ఒకసారికి ఒకే పని చెప్పడం, చేయవలసిన వరుసను బొమ్మలతో చూపే అట్టను బల్లకు అంటించడం, సందేహం వస్తే అడగడానికి ఒక మనిషిని చూపించడం. వారు వినకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఆందోళన, కుంగుబాటు ఇలాంటి వారికీ వస్తాయి, వాటికి చికిత్స ఉంది. కనుక బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఒకసారి చూపించండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

యాజమాన్యం దగ్గరికి వెళ్లే రోజు తమ్ముణ్ణి వెంట తీసుకువెళ్లండి. తనకు ఏ పని ఇష్టమో, ఎవరి పక్కన కూర్చుంటానో అతన్నే చెప్పనివ్వండి.