గొడవ చూపిన సినిమా, పాట చూపిన సినిమా

ప్రశ్న: షికాగోకు చెందిన విల్కో అనే ఇండీ రాక్ బృందం మీద వచ్చిన రెండు చిత్రాలను మా గదిలో నలుగురు మిత్రులం వరుసగా రెండు రాత్రులు చూశాం. ఒకటి 2002 నాటి డాక్యుమెంటరీ ‘ఐ యామ్ ట్రయింగ్ టు బ్రేక్ యువర్ హార్ట్’. మరొకటి 2009లో వచ్చిన కచేరీ చిత్రం ‘యాషెస్ ఆఫ్ అమెరికన్ ఫ్లాగ్స్’. మొదటిదాంట్లో పాట ఊపందుకోగానే కోసేసి గొడవలు చూపించారని ఇద్దరు, రెండోదాంట్లో పాటలు తప్ప కథే లేదని ఇద్దరు వాదించుకున్నాం. ఆ బృందాన్ని ఉన్నదున్నట్టు చూపింది ఏదంటారు?
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ గదిలో నాకూ ఒక ఓటు ఉంటే అది కచేరీ చిత్రానికే వేస్తాను. అయితే డాక్యుమెంటరీ మీద మీ మిత్రులు మోపిన నేరం సగమే నిజం. దర్శకుడు శామ్ జోన్స్ ఫొటోగ్రాఫర్. ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’ అనే ఆల్బమ్ తయారీని చిత్రీకరిద్దామని వెళ్లిన ఆయన కళ్లెదుటే కథ అడ్డం తిరిగింది: వారి రికార్డు కంపెనీ రిప్రైజ్ ఆ ఆల్బమ్‌ను వద్దంది, బృందం 2001 సెప్టెంబరులో పాటలను తన వెబ్‌సైటులో ఉచితంగా వినిపించింది, చివరకు 2002 ఏప్రిల్‌లో నాన్‌సచ్ కంపెనీ దాన్ని విడుదల చేసింది. ఈ రెండు కంపెనీలూ వార్నర్ సంస్థవే కావడం వల్ల, ఒక చేత్తో వదిలేసిన సరుకునే మరో చేత్తో కొనుక్కున్నట్టయింది. కెమెరా ముందు ఇంత జరుగుతుంటే పాట పూర్తయ్యేదాకా ఆగమని ఏ దర్శకుణ్ణి అడగగలం?

నా అభ్యంతరం వేరే చోట ఉంది. గాయకుడు జెఫ్ ట్వీడీకీ, పాటల రచనలో ఆయనకు జోడీగా ఉన్న జే బెనెట్‌కూ ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో ఎలా కలపాలన్న విషయంలో మాటామాటా వస్తుంది. బెనెట్ తన మాట అర్థమయ్యేదాకా వివరిస్తూనే ఉంటాడు. ట్వీడీ ఇక వినలేక లేచి, లోపలికి వెళ్లి వాంతి చేసుకుంటాడు. చూసినవారెవరూ మరిచిపోలేని ఘట్టం ఇది. 2001లో బెనెట్ బృందాన్ని విడవడంతో, చాలామంది అభిమానులు ఈ ఒక్క ఘట్టాన్నే పట్టుకుని ఆయన్ను ప్రతినాయకుణ్ణి చేసేశారు. మన ఇళ్లలో ఒక పెళ్లిని నిశ్చితార్థం నుంచి పదహారు రోజుల పండుగ దాకా చిత్రీకరించి గంటన్నరకు కుదిస్తే, అందులో పెళ్లికొడుకు మేనమామ అలిగి భోజనాల దగ్గర నుంచి లేచిపోయిన సంగతి తప్పక మిగులుతుంది, ఆయనే తెల్లవారుజామున లేచి పందిరి వేయించిన సంగతి మిగలదు. కత్తిరింపులో అబద్ధం లేదు గానీ, ఏది ఉంచాలన్న తూకం మాత్రం దర్శకుడిదే.

కచేరీ చిత్రం విలువ తిరుపతివారికి నేను వేరే చెప్పనక్కరలేదు. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఎలా పాడారన్నది మాత్రం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ స్వరపరచవలసి వచ్చింది. రేకు మీదికి ఎక్కనిది ఏమిటో ‘ఇంపాసిబుల్ జర్మనీ’ పాట దగ్గర చూడండి. 2004లో బృందంలో చేరిన నెల్స్ క్లైన్ గిటార్ వాయిద్యం మెల్లగా మొదలై, చిక్కులు వేసుకుంటూ పైకి పోయి, చివరకు మిగిలిన రెండు గిటార్లతో ఒక్క అల్లికలో కలిసిపోతుంది. ఆ ఘట్టాన్ని ఆయన రాత్రికో తీరుగా వాయిస్తాడు గనుక, ఆ రాత్రిది ఆ చిత్రంలో తప్ప మరెక్కడా దొరకదు.

ఇక ‘కథే లేదు’ అన్న మీ మిత్రులకు ఒక మాట. ఆ కచేరీ చిత్రానికి పేరిచ్చిన పాట ట్వీడీ, బెనెట్ కలిసి రాసినది. డాక్యుమెంటరీలో వాళ్లిద్దరూ కీచులాడుకున్నది ఆ పాట ముగింపు గురించే. డీవీడీ 2009 ఏప్రిల్ 18న వెలువడింది, మరుసటి నెలలోనే బెనెట్ కన్నుమూశాడు. ఇది తెలిసి ఆ పాటను ఇంకోసారి వినండి.

ప్రశ్న: ఆ కచేరీ చిత్రంలో ఒక పాట ఒక ఊళ్లో, మరో పాట ఇంకో ఊళ్లో. ఒకే కచేరీలో మొదటి నుంచి చివరి దాకా కూర్చున్న తృప్తి లేకపోయింది. నేను గిటార్ నేర్చుకుంటున్నాను.
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీ ఫిర్యాదు న్యాయమైనదే, చాలామంది అభిమానులదీ ఇదే మాట. దర్శకులు బ్రెండన్ కాంటీ, క్రిస్టఫ్ గ్రీన్ 2008 పర్యటనలో టల్సా, న్యూ ఆర్లియన్స్, మొబీల్, నాష్‌విల్, వాషింగ్టన్ ఊళ్లలో చిత్రీకరించి వీటిని కలిపి కుట్టారు. ఒకే రాత్రి క్రమంగా వేడెక్కే తీరు అందువల్ల పోయింది. దానికి బదులుగా దక్కింది హాళ్ల తేడా. నాష్‌విల్‌లోని రైమన్ హాలు 1892లో ప్రార్థన మందిరంగా తెరిచినది, జనం ఇప్పటికీ చెక్క బల్లల మీదే కూర్చుంటారు. టల్సాలోని కేన్స్ పాతకాలపు డాన్సు హాలు. మీ ఊరి నాగయ్య కళాక్షేత్రంలో విన్న పాటనే గంగజాతర నాడు వీధిలో వింటే ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు కదా. పాటల నడుమ ఖాళీ వీధులను, బస్సు కిటికీలను అన్నిసార్లు చూపించడం మాత్రం నాకూ విసుగు తెప్పించింది. గిటార్ నేర్చుకునేవారు అక్కడ ముందుకు జరిపేసినా నష్టం లేదు.

ప్రశ్న: డాక్యుమెంటరీ నలుపు తెలుపులో ఎందుకుంది? మా కళాశాలలో ప్రదర్శించవచ్చా?
— ఒక అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: జోన్స్ దాన్ని 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్మ్ మీదే తీశారు, రంగులు తర్వాత తీసేసింది కాదు. ప్రదర్శన సంగతికి వస్తే, విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులకు, సిబ్బందికి, తల్లిదండ్రులకు పరిమితమై చూపడానికి 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. హాలు అద్దెకు తీసుకుని టికెట్టు పెట్టి ఊరందరినీ పిలిస్తే హక్కుదారుల అనుమతి తప్పనిసరి. ల్యాప్‌టాప్ స్పీకరుతో మాత్రం చూపించకండి, బేస్ గిటార్ అసలు వినిపించదు.