కాపలా కుక్కకి ముందు ‘వదులు’ నేర్పండి

ప్రశ్న: కాశీనగర్ దగ్గర జీడితోటలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. తొమ్మిది నెలల జర్మన్ షెపర్డ్ మగకుక్క ఉంది. కొత్తవాళ్ళొస్తే మొరుగుతుంది గానీ, దగ్గరకొచ్చేసరికి వెనక్కి తగ్గి మంచం కిందకి దూరుతుంది. మా కంబారి (తోట పనివాడు) చేతికి గోనెపట్టా చుట్టుకుని కరిపించడం అలవాటు చేస్తానంటున్నాడు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: వద్దు. మొరుగుతూ వెనక్కి తగ్గుతోందంటే అది భయపడుతోంది. ఏడో నెలకి పళ్ళన్నీ వచ్చేసినా, ఈ జాతికి మనసు కుదురుకునేది ఏడాదిన్నర, రెండేళ్ళకి. ఇప్పుడు మీదికెళ్ళి రెచ్చగొడితే పూర్తిగా పిరికిదైపోవచ్చు, లేదా భయంతో ఎవర్నైనా కరిచే కుక్క కావచ్చు. ఆ రెండోదే ప్రమాదం. పాలు పోయడానికొచ్చిన మనిషికీ దొంగకీ దానికి తేడా ఉండదు.

కంబారి చేత అసలే చేయించకండి. రోజూ తోటలో తిరిగే మనిషినే కరవాల్సినవాడిగా కుక్కకి చూపించినట్టవుతుంది. పైగా గోనెపట్టా ఎన్ని మడతలు చుట్టినా కోరపళ్ళు దిగుతాయి, ఎముక నలుగుతుంది. శిక్షకులు కుక్క చేత కరిపించడానికి చేతికి వేసుకునే స్లీవ్‌లో లోపల గట్టి తొడుగు ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది వేరే ఉంది. కూర్చో, పడుకో, ఆగు, రా, వదులు – ఈ అయిదూ పూటకి పది నిమిషాల చొప్పున రెండు పూటలా నేర్పండి. వీటిలో ‘వదులు’ మీద ఎక్కువ సమయం పెట్టండి. గోనెగుడ్డని జానెడున్నర పొడవున గట్టిగా చుట్టి కుట్టి, దాంతో లాగుడాట ఆడండి. కాసేపటికి గుడ్డని మీ మోకాలికి ఆనించి కదలకుండా పట్టుకోండి. కదలకపోతే ఆటలో రుచి పోతుంది. అప్పుడు ‘వదులు’ అని ఒక్కసారే అని, ఉడికించిన కోడి కార్జం ముక్క ముక్కు దగ్గర పెట్టండి. నోరు తెరవగానే ముక్క ఇచ్చి, గుడ్డని మళ్ళీ దానికే అందించండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు: వదిలిన గుడ్డ దాచేస్తారు. వదిలితే పోతుందని తెలిసిన కుక్క మర్నాటి నుంచి ఇంకా బిగిస్తుంది. దవడ విప్పదీసినా, కొట్టినా అంతే. మొదటి మాటకే పదిసార్లలో తొమ్మిదిసార్లు వదిలేదాకా ముందుకెళ్ళకండి.

ధైర్యం పెంచడానికి మొరుగుడు చాలు. రెండంగుళాల వెడల్పు పటకా గానీ, ఛాతీకి వేసే హార్నెస్ గానీ తొడిగి గుంజకి కట్టండి. మెడ బిగిసే గొలుసు ఈ పనికి వాడకండి. కొత్తవాణ్ణి చూసినప్పుడల్లా గొంతు నొస్తే, ఆ నొప్పి కొత్తవాడి వల్లే అనుకుంటుంది. ఇంటికి సంబంధం లేని మనిషి ఇరవై మీటర్ల దూరంలో కనిపించి ఆగాలి. కుక్క మొరగ్గానే అతను వెనక్కి పోయి చెట్టు చాటుకి తప్పుకోవాలి. తన మొరుగుడుకి మనిషి పోయాడని కుక్కకి తెలియాలి. ఎంత ధైర్యమున్న కుక్కయినా అతను ఒక్కసారి కూడా మీదికి రాకూడదు. తోక కాళ్ళ మధ్యకి పోయిందంటే దూరం చాలలేదు, రెట్టింపు చేయండి. మూడు నాలుగుసార్లతో ఆపి, మీరు ‘చాలు’ అని పిలిచి ముక్క ఇవ్వండి.

మార్చి నుంచి జూన్ దాకా పొద్దున్న ఏడులోపే ముగించండి. తిండి పెట్టిన రెండు గంటలదాకా పరుగెత్తించకండి, ఈ జాతికి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పగలంతా గొలుసుకి కట్టేస్తే అందర్నీ కసిరే అలవాటు పడుతుంది. ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు నీడగల గది వేసి, రాత్రి కంచె లోపల వదలండి.

కరిపించే శిక్షణ ఏడాదిన్నర దాటాక, పనితెలిసిన హెల్పర్‌తోనే (స్లీవ్ తొడుక్కుని కరిపించుకునే శిక్షకుడు). ఆయన్ని పెట్టుకునే ముందు ఆయన కుక్క స్లీవ్ పట్టుకుని ఉండగా ఒక్కమాటకి వదుల్తుందో లేదో చూడండి. కర్రతో వదిలిస్తే వెనక్కి వచ్చేయండి. అలాంటివాళ్ళు దొరక్కపోయినా ఫర్వాలేదు, తోటింటికి మొరిగి ఆగే కుక్క చాలు. రేబిస్ టీకా ఏటా వేయించండి. మీ నిర్లక్ష్యం వల్ల కుక్క ఎవరికైనా ప్రమాదమైతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, పనివాళ్ళది ఒడియా. కుక్కకి ఏ భాషలో చెప్పాలి?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ఏదైనా సరే, ఒక పనికి ఒకే మాట ఉండాలి. ఒకరు ‘కూర్చో’ అని, ఇంకొకరు ఒడియాలో చెబితే మొదటి నెలల్లో కుక్క తికమకపడుతుంది. అయిదు మాటలూ గేటు దగ్గర గోడ మీద తెలుగులోనూ ఒడియా అక్షరాల్లోనూ రాసి, అందరిచేతా అవే అనిపించండి. ‘వదులు’, ‘చాలు’ మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళందరూ చెప్పి చూడాలి. యజమాని మాటకే వదిలే కుక్కని, యజమాని ఊళ్ళో లేనప్పుడు గది దాటనివ్వకండి.