రోజూ 100 శాతం ఛార్జింగ్ పెడితే ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ తొందరగా పోతుందా?

రోజూ రాత్రి ఫుల్ ఛార్జింగ్ పెడుతున్నానని, 80 దగ్గర ఆపమని ఎవరో చెప్పారని, ఏది నిజమని అడిగారు. బండ్లలో ఎక్కువగా రెండు రకాల లిథియం బ్యాటరీలు వస్తాయి: నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్ఎంసీ, ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన ఎల్ఎఫ్‌పీ. ముందు మీ బండిలో ఉన్నది ఎన్ఎంసీనా, ఎల్ఎఫ్‌పీనా కనుక్కోండి. ఎన్ఎంసీ అయితే 80 మాట నిజమే. ఎల్ఎఫ్‌పీ అయితే నిశ్చింతగా ఫుల్ పెట్టుకోండి. అయితే మన తిరుపతిలో శాతాల కన్నా ఎండకే ఎక్కువ భయపడాలని నా గట్టి నమ్మకం.

మా బావమరిది సంగతి చెప్తాను. వాడిది ఎన్ఎంసీ బండి. మే నెలలో పెళ్లాన్ని ఎక్కించుకుని కొండకు పోయినాడు. అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు. బండీ, ఇద్దరు మనుషులూ కలిపి 250 కిలోలు అనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు చేర్చడానికే అర యూనిట్ దాకా కరెంటు కావాలి. 3 యూనిట్ల బ్యాటరీకి అదేమంత భారం కాదు. కానీ ఘాట్ రోడ్డు పొడవునా మోటారు ఆగకుండా గట్టిగా లాగాలి, పైన ఎండ, లోపల సెల్స్ కాగిపోతాయి. అట్లా కాగిన బండిని పైకి చేరగానే తెలిసినవాళ్ల అంగట్లో ప్లగ్గు దొరికిందని అప్పటికప్పుడు ఛార్జింగ్ పెట్టేసినాడు. దర్శనం చేసుకుని వచ్చేసరికి 100 చూపిస్తోంది.

ఇక దిగడం మొదలుపెడితే రీజెన్ పని చేయలేదు. దిగేటప్పుడు మోటారు బండిని పట్టి ఆపుతూ కరెంటును వెనక్కి బ్యాటరీలోకి పంపుతుంది కదా. బ్యాటరీ నిండిపోయి ఉంటే ఆ కరెంటు పోవడానికి చోటే లేదు. ఆ మలుపులన్నీ ఉత్త బ్రేకుల మీదే దిగినాడు. అలిపిరి చేరేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన. భయపడి నాకు ఫోన్ చేసి, "బండిలో ఏందో పోయింది బావా" అన్నాడు. ఏమీ పోలేదు. పైన గంటసేపు నీడలో ఆరనిచ్చి, 70 దాకా ఎక్కించి తీసేసి ఉంటే ఆ దిగుడు సుఖంగా ఉండేది, దారిలో కొంత కరెంటు ఉత్తపుణ్యానికి వచ్చేది. కొండకు బండ్ల మీద పోయే ఊరు మనది, ఈ ముక్క బండి అమ్మేటప్పుడే చెప్పాలి.

ఎండ ఎందుకంత చేటంటే, ఫుల్ అయిన ఎన్ఎంసీ సెల్ 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. దానికి వేడి తోడైతే లోపలి ఎలక్ట్రోలైట్ అనే ద్రవం కొద్దికొద్దిగా విరిగి, సెల్ మైనస్ వైపున ఉండే గ్రాఫైట్ మీద పొర కడుతుంది. ఆ పొరలో చిక్కిన లిథియం ఇక పనికి రాదు. బండి కదలకుండా నిలబడి ఉన్నా ఇది జరుగుతూనే ఉంటుంది. రాత్రికి 100 చేసి, పొద్దున ఆఫీసు ముందర 42 డిగ్రీల ఎండలో సాయంత్రం దాకా నిలబెడితే రెండు నష్టాలూ ఒకేసారి. ఎల్ఎఫ్‌పీ సెల్ 3.65 వోల్టులకే నిండుతుంది, వేడికీ బాగా తట్టుకుంటుంది. ఇంచుమించు నిండినా, సగమున్నా దాని వోల్టేజీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ అనే సర్క్యూట్ శాతాల లెక్క తప్పకుండా వారానికోసారైనా ఫుల్ చేయాలి. బరువెక్కువ, రేంజి తక్కువ అని దాన్ని తీసిపారేస్తారు. మన ఎండలకు అదే సరైనదని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఉండటంతో ప్రతి వీధిలో బ్యాటరీల గురించి తెలిసినవాళ్లు ఒకరుంటారు. "బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచాల" అని వాళ్లు చెప్పేది లెడ్ యాసిడ్‌కు నూటికి నూరుపాళ్లు నిజం. దాన్ని సగం ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి చచ్చిపోతుంది. ఇన్వర్టర్‌కు చెప్పిన ఆ మాటనే స్కూటర్‌కూ పాటించేస్తున్నారు. ఎన్ఎంసీకి అది సరిగ్గా తలకిందులు. నెల రోజులు ఊరికి పోతుంటే సగం ఛార్జింగ్‌తో, నీడలో వదిలి పోవాలి.

షోరూముల మీద నా కోపం వేరే. ఒకచోట "ఇందులో ఏ కెమిస్ట్రీ?" అని అడిగితే "లిథియం సార్, మంచిది" అన్నారు. లక్ష రూపాయలు పెట్టి కొనేవాడికి ఆ పాటి జవాబు చాలదు. ఎన్ఎంసీ, ఎల్ఎఫ్‌పీ రెండూ లిథియమే. అపార్ట్‌మెంటు వాళ్లదీ ఇదే తీరు. సెల్లారులో సొంత మీటరు నుంచి ప్లగ్గు పాయింటు వేసుకుంటామన్నా ఒప్పుకోరు, నీడ ఉన్నచోట ప్లగ్గు ఉండదు, ప్లగ్గు ఉన్న గేటు దగ్గర నీడ ఉండదు. మీ అసోసియేషన్ కూడా ఇట్లాంటిదే అయితే, ఇంటి ఓనరు చేత సంతకం పెట్టించి రాతపూర్వకంగా అడగండి. మా బ్లాకులో చివరికి అట్లాగే ఒప్పుకున్నారు.