ఒస్టాపెంకోది లక్కు అనేవాళ్లకు

లాట్వియా టెన్నిస్ ప్లేయర్ యెలెనా ఒస్టాపెంకో 2017లో ఫ్రెంచ్ ఓపెన్ గెలవడం లక్కేనా, కాకపోతే తర్వాత ఎందుకు నిలదొక్కుకోలేదు అని అడిగారు. లక్కు అనేవాళ్లు ఆ ఫైనల్ చూసుండరు. నేను చూశాను, తిరుపతిలో మా స్పోర్ట్స్ షాపులో, రాకెట్‌కు గట్టు (తీగలు) బిగించే గట్టింగ్ మిషన్ పక్కన ఫోన్ నిలబెట్టుకుని.

శనివారం సాయంత్రం. మా ఊళ్లో శనివారమంటే చెప్పేదేముంది, బస్టాండు వైపు అంతా కొండకు పోయే జనమే. ఆ ట్రాఫిక్‌లో పడి ఒకాయన కూతురి రాకెట్ తెచ్చాడు. "అన్నా, గట్టు టెన్షన్ (బిగింపు) బాగా పెంచి వేయి, మా పాప కొడితే బంతులన్నీ బయటికే పోతున్నాయి" అన్నాడు. సరేనని గట్టు లాగుతూ మ్యాచ్ చూస్తున్నా. ఒస్టాపెంకో మొదటి సెట్ 4-6తో పోగొట్టుకుని రెండో సెట్లో 0-3 మీద ఉంది. ర్యాంకు 47, సీడింగ్ (పై ర్యాంకువాళ్లకు టోర్నీలో ఇచ్చే వరుస నంబరు) లేదు, అప్పటిదాకా టూర్‌లో ఒక్క సింగిల్స్ టైటిల్ లేదు, ఇరవై నిండి రెండు రోజులైంది. అవతల సిమోనా హాలెప్, ఏ మూలకు కొట్టినా తిరిగి పంపే మనిషి, ఆ మ్యాచ్ గెలిస్తే నంబర్ వన్ కూడా. ఇంకొకరైతే అక్కడ భయపడి బంతిని మెల్లగా నెట్టేవాళ్లు. ఈ పిల్ల ఇంకా గట్టిగా బాదింది! 6-4, 6-3. విన్నర్లు, అంటే అవతలివాళ్లు అందుకోలేని దెబ్బలు, 54, అనవసర తప్పులూ సరిగ్గా 54. హాలెప్ కొట్టిన విన్నర్లు ఎనిమిదే. గెలిచినా ఓడినా ఒస్టాపెంకో చేతిలోనే ఉండింది ఆ మ్యాచ్.

మా కస్టమర్ "ఈయమ్మ కూడా అన్నీ బయటికే కొడతా ఉందే" అంటూనే చివరి పాయింట్ దాకా కదల్లేదు. నిలువు గట్టు అయింది, అడ్డం గట్టు అలాగే ఆగిపోయింది.

అసలు ఈ తల్లిదండ్రులతోనే నా గొడవ. పదేళ్ల పిల్ల రాకెట్‌కు 58 పౌండ్ల బిగింపు అడుగుతారు, ఆ మోచెయ్యి ఏమైపోవాలి? పిల్ల చేతికి దెబ్బ బలం రాకముందే కంట్రోల్ కావాలి, ఎంట్రన్స్ పరీక్షలో నెగటివ్ మార్కులకు భయపడినట్టు. బాదే పిల్లలను పట్టుకుని నెట్టే పిల్లలుగా మార్చేది మనమే. పైగా పొద్దున్నే కోర్టంతా డబుల్స్ ఆడే పెద్దమనుషులది, పిల్లలకు గోడ పక్క మూల.

నిలదొక్కుకోలేదంటారా, నిజమే, 2018లో టైటిల్ నిలబెట్టుకోవడానికి వచ్చి మొదటి రౌండ్లోనే ఇంటికి పోయింది. 2023 యూఎస్ ఓపెన్‌లో అప్పటి నంబర్ వన్ ఇగా స్వియాటెక్‌ను ఓడించి పంపించేసి, వెంటనే కోకో గాఫ్ చేతిలో 0-6, 2-6. కానీ అదే స్వియాటెక్ 2025 ఏప్రిల్ దాకా ఆరుసార్లు ఈమెతో ఆడి ఒక్కసారీ గెలవలేదు. ఆ ఆరోసారి జర్మనీలోని స్టుట్‌గార్ట్ టోర్నీలో, అక్కడే ఫైనల్లో సబలెంకానూ ఓడించి టైటిల్ కొట్టింది. లక్కు ఒకే మనిషి మీద ఆరుసార్లు పనిచేస్తుందా చెప్పండి. లైన్ కాల్ నచ్చకపోతే, బంతి లోపలో బయటో చెప్పే మిషన్‌నే అనుమానంగా చూసే ఆ ముఖం మీకు నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి.

ఇంకో గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలుస్తుందనే నేనంటాను, అదీ వింబుల్డన్‌లో. 2014లో జూనియర్ టైటిల్ అక్కడే గెలిచింది, 2018లో సెమీస్ దాకా పోయింది. గడ్డి మీద ఆ దెబ్బలు తిరిగి పంపడం ఎవరివల్లా కాదు. ఎవరికి ఎవరు ప్రత్యర్థో తేల్చే డ్రాలో స్వియాటెక్ పడితే ఇంకా మంచిది.