అల్లుడూ, ముందు డబ్బా మీద డిగ్రీలు చూడు

ఒరేయ్ అల్లుడూ, నీ మెసేజ్ చూశా, వేడికి రంగు మారే ఇంకుతో టీషర్టులు వేస్తావట, బానే ఉంది గానీ ఆర్డర్ పెట్టేముందు అది ఎన్ని డిగ్రీల ఇంకో చూసుకో. ఎక్కువగా దొరికేది 31 డిగ్రీలది, చలిదేశాల్లో అయితే చెయ్యి ఆనిస్తే రంగు పోద్ది తీస్తే వస్తుంది, మన బెజవాడలో రోహిణి కార్తెలో నీడలోనే 40 దాటుతుంటే దానికి రంగు ఎప్పుడొస్తదిరా.

నాకు జరిగిందే చెప్తా. ఏప్రిల్లో ఒక కాలేజీ ఫంక్షన్‌కి 150 టీషర్టులు, ఏసీ రూములో నీలం అక్షరాలు నిగనిగలాడుతుంటే మురిసిపోయి అట్టపెట్టెల్లో సర్ది పంపించా, బెంజి సర్కిల్ దగ్గర ఆటో ఎండలో ఇరుక్కుంది, అక్కడ పెట్టె విప్పితే ఒక్క అక్షరం లేదు, తెల్లబట్ట! ఫోన్లో కడిగిపారేశారు. పరిగెత్తుకెళ్లి ఒకటి క్యాంటీన్ ఫ్రిజ్‌లో పెట్టి తీసి చూపిస్తే గానీ నమ్మలా, డబ్బులు మాత్రం సగమే ఇచ్చారు.

ఆ ఇంకులో కంటికి ఆనని గుళికలుంటాయి, ఒక్కోదాంట్లో ల్యూకో డై అంటే రంగు వచ్చిపోయే రకం డై, కాస్త బలహీనమైన ఆసిడ్, మైనం లాంటి పదార్థం. మైనం గడ్డగా ఉన్నంతసేపు డై, ఆసిడ్ కలిసుండి రంగు కనపడుద్ది, కరిగితే విడిపోతాయి, రంగు పోద్ది. అది కరిగే వేడే డబ్బా మీద నంబరు. నన్నడిగితే మన ఊరి వేడినే వాడుకో, అడుగున మామూలు ఇంకుతో బొమ్మ వేసి పైన 31ది కప్పు, ఏసీలో ఉన్నంతసేపు నీలం, బయటికి రాగానే బొమ్మ బయటపడుద్ది.

బట్టలోపల కండక్టివ్ దారం, అదే కరెంటు పారే దారం కుట్టి బ్యాటరీతో వేడెక్కిస్తానన్నావు కదా, దానికి 45ది పెట్టొచ్చు, కానీ ఒంటికి తగిలే వైపు మందంగా లైనింగ్ వెయ్యి, అంత వేడి చాలాసేపు ఆనితే చర్మం కాలుద్ది.

గుళికలు పగిలినా మాడినా మళ్లీ రంగు రాదు. అందుకే క్యూరింగ్‌కి, అంటే ప్రింట్‌ని వేడితో గట్టిపరచడానికి, మామూలు రబ్బర్ ప్రింట్‌కి పెట్టే వేడి పెట్టకు, ఇంకు అమ్మినవాడు చెప్పిన లెక్క చూసి ముందు గుడ్డపీలిక మీద వేసి చూడు. బ్లీచ్ వద్దు, ప్రింట్ మీద ఇస్త్రీ వద్దు, ఎండలో అస్సలు ఆరెయ్యకూడదు, అతినీలలోహిత కిరణాలకి డై చచ్చిపోద్ది. 1991లో అమెరికాలో హైపర్‌కలర్ టీషర్టులు ఇలాగే ఊపేశాయి, వేడినీళ్లలో ఉతికినవాళ్లవి పాడయ్యాయి, పైగా చంకల దగ్గర వేరే రంగొచ్చి నవ్వులపాలయ్యారు. నువ్వు మాత్రం ప్రింట్ ఛాతీ దాటనివ్వకు.

సంక్రాంతికి వస్తావుగా, శాంపిల్ ఒకటి పట్రా, తెల్లారుజామున డాబా మీద అరచెయ్యి ఆనించి చూద్దాం.