స్పానిష్‌లో ‘క్రిమినాల్’ అనే మాట అంత తేలిగ్గా వాడకండి

నేరం చేసినవాణ్ని స్పానిష్‌లో క్రిమినాల్ అనాలా, దెలింక్వెంతె అనాలా, లద్రోన్ అనాలా అని అడిగారు. నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే ఇది తేలదు. నాకు మాద్రిద్‌లో ఒక పోలీస్ స్టేషన్‌లో తేలింది.

అక్కడికి వెళ్లిన మూడో నెలలో, సోల్ మెట్రో స్టేషన్‌లో రైలెక్కుతుంటే పర్సు పోయింది. చూసుకుంటే బ్యాగు జిప్పు సగం తీసి ఉంది, అంతే. డబ్బు పోతే పోయింది, అందులో నా రెసిడెన్స్ కార్డు ఉంది. మళ్లీ కార్డు కావాలంటే ఫిర్యాదు కాగితం చూపించాలి. దారి పొడుగునా వాక్యం వల్లె వేసుకుంటూ వెళ్లి, ‘ఉన్ క్రిమినాల్ మె రొబో లా కర్తేరా’ (ఒక క్రిమినల్ నా పర్సు దోచుకున్నాడు) అన్నాను. టైపు చేస్తున్న ఆఫీసరు చేతులు ఆగిపోయాయి. కత్తి చూపించాడా? కొట్టాడా? తోశాడా? దెబ్బలేమైనా తగిలాయా? లేదండీ, నేనసలు వాణ్ని చూడనే లేదు. ఆయన అప్పటిదాకా కొట్టిన వరస చెరిపేసి ‘ఉర్తో’ అని కొట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అక్కడి చట్టంలో ‘రోబో’ అంటే తాళం పగలగొట్టడమో, మనిషిని కొట్టడమో బెదిరించడమో ఉండాలి. చడీచప్పుడు లేకుండా పట్టుకుపోతే అది ‘ఉర్తో’. సొమ్ము 400 యూరోలు దాటకపోతే మామూలుగా జరిమానాతో పోయే చిన్న నేరం.

అసలు పాఠం ఆ సాయంత్రం మా ఇంటి ఓనరమ్మ చెప్పింది. ఆమ్లెట్‌లోకి బంగాళాదుంపలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టి, ‘ఇఖా’ (బిడ్డా అన్నట్టు), ‘క్రిమినాల్ అంటే మనిషిని చంపినవాడు. నీ పర్సు కొట్టేసినవాడు కర్తెరీస్త’ అంది. మన జేబుదొంగ అన్నమాట. ఇంగ్లిష్ క్రిమినల్ మన నోళ్లలో నానిపోయింది కాబట్టి స్పానిష్‌లోనూ అదే బరువు అనుకుంటాం. కాదు, ఆ మాటకు నెత్తుటి వాసన ఉంటుంది. మామూలు నేరగాడికి దెలింక్వెంతె చాలు. దొంగ ఎవడైనా లద్రోన్, ఆయుధం పట్టుకుని బ్యాంకులో దూరేవాడు అత్రకదోర్. మెక్సికోలో చిల్లర దొంగను రాతేరో అంటారు, అర్జెంటీనాలో చోర్రో.

చోర్రో అనగానే మన చోరుడు గుర్తొచ్చాడా? ఆ చుట్టరికం నిజమే. మన దేశం నుంచి శతాబ్దాల కిందట వలస వెళ్లిన రోమా జనం మాటలో ‘చోర్’ ఉంది. స్పెయిన్‌లో వాళ్ల కాలో భాషలో దొంగిలించడం ‘చొరార్’. దొంగను ‘చొరీథో’ అనడం కూడా అక్కడి నుంచే వచ్చింది. అదే మాటకు మాంసం సాసేజ్ అనే అర్థం వేరే ఉంది. 2011లో అవినీతి నాయకుల మీద కోపంతో జనం వీధుల్లోకి వచ్చినప్పుడు, ‘ఇన్ని చొరీథోలకు సరిపడా రొట్టె లేదు’ అన్నది వాళ్ల నినాదం. వాళ్లు బైఠాయించింది నా పర్సు పోయిన ఆ సోల్ స్టేషన్ పైనున్న కూడలిలోనే.

నాకు వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. కోర్టు తేల్చకముందు ఎవణ్నీ దెలింక్వెంతె అనకూడదు. దర్యాప్తు జరుగుతున్నవాణ్ని స్పెయిన్‌లో ‘ఇంపుతాదో’ అనేవారు. ఆ మాట పడితే చాలు, లోకం వాణ్ని దోషి కింద జమకట్టేసేది. అందుకే 2015లో చట్టం మార్చి ‘ఇన్వెస్తిగాదో’ అన్నారు, దర్యాప్తులో ఉన్నవాడు అని. ఒక్క మాట కోసం చట్టం మార్చారు! మనకు నిందితుడు అనే చక్కటి మాట ఎప్పటినుంచో ఉంది. అయినా పోలీసులు పట్టుకున్న సాయంత్రానికే టీవీలో ‘దొంగ దొరికాడు’ అని మొహం చూపించేస్తారు. ఆ కుర్రాడి మీద ఇంకా చార్జిషీటు కూడా పడి ఉండదు. వాళ్లమ్మ ఆ వార్త చూస్తుంటుందన్న ధ్యాస ఎవరికీ ఉండదు. నాకు కడుపు రగిలిపోతుంది.

మీరు రాస్తున్న వాక్యంలో ఉన్నవాడు ఏం చేశాడు, కేసు ఎక్కడిదాకా వచ్చింది? ఆ రెండూ కామెంట్‌లో పెట్టండి, సరైన మాట చెప్తాను.