గుండిగ మూత తీసి ఉంచు

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగం మానేసి వచ్చే నెలలో వంటల కళాశాలలో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో కోపం కన్నా బెంగే ఎక్కువగా వినిపించింది. ముప్ఫై ఆరేళ్ళ వయసులో మళ్ళీ చదువేమిటని ఇప్పుడు నిన్ను అడుగుతున్న మాట నలభై ఒకటో ఏట నన్నూ అడిగారు కనుక నాకు గర్వంగా అనిపించింది. ఆ చదువులో నేను చేసిన పని కూడా గుర్తుంది కనుక ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎక్కడైనా మందలించినట్లు అనిపిస్తే మనసులో పెట్టుకోకు.

వయసు గురించి దిగులు వద్దు. తరవాత వంటల పుస్తకాలతో పేరుపొందిన అమెరికన్ జూలియా చైల్డ్ 1949లో పారిస్‌లోని లె కార్డన్ బ్లూ అనే వంటల బడిలో చేరేనాటికి ఆమెకు 37 ఏళ్ళు. చివరి పరీక్ష మొదటిసారి తప్పింది కూడా. పెద్ద పెద్ద వంటకాల మీద శ్రద్ధ పెట్టి, బడివారు ఇచ్చిన చిన్న పుస్తకంలోని మామూలు పాళ్ళను కంఠస్థం చేయకుండా వెళ్ళడం వల్ల అలా జరిగింది. మళ్ళీ రాసి నెగ్గింది. ఆమె సాధించిన పేరు కన్నా, ఆ పరీక్ష తప్పిన సంగతే నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది. ఇల్లు నడిపి, నలుగురికి వండిపెట్టి, పెద్దయ్యాక బడికి వెళ్ళేవాళ్ళం మనకు వచ్చుననుకున్న చోటే బోల్తా పడతాం.

ఫీజు కట్టేముందు ఒక వారమైనా ఏదైనా పెద్ద వంటశాలలో రోజుకు పది గంటలు నిలబడి చూడు. కాళ్ళు, నడుము ఒప్పుకుంటాయో లేదో అక్కడే తెలుస్తుంది. జారని బూట్లు కొనుక్కో. నీ కత్తిని నువ్వే నూరుకోవడం నేర్చుకో, ఎందుకంటే మొండి కత్తిని బలంగా నొక్కాల్సి వచ్చి అది పక్కకు జారి వేలు తెగుతుంది. కటింగ్ బోర్డు కింద తడిగుడ్డ పరచు, కానీ వేడి గిన్నెను మాత్రం ఎప్పుడూ పొడిగుడ్డతోనే పట్టుకో. తడిగుడ్డలోంచి వేడి క్షణంలో చేతికి తగులుతుంది. కాలితే ఐసు పెట్టకుండా, ధారగా పడే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచు. జూలియన్ (సన్నని పుల్లల్లా), బ్రునువాజ్ (చిన్న చదరపు ముక్కలుగా) లాంటి తరుగుళ్ళు మొదట్లో నీకు చాదస్తంగా తోచవచ్చు. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉంటేనే అన్నీ ఒకేసారి ఉడుకుతాయి కనుక ఓపిక పట్టి నేర్చుకో. ఇవన్నీ వాళ్ళు ఎలాగూ చెబుతారు.

ఇక నేను చెప్పవలసిన సంగతి. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

నేను చేరిన మూడో నెలలో ఒక సాయంత్రం చికెన్ స్టాక్, అంటే కోడి ఎముకలు మరిగించి తీసే రసం, కాచే బాధ్యత నాకు అప్పగించారు. నలభై లీటర్ల గుండిగ. ఎముకలు తీసేసి, వడకట్టి, వెడల్పాటి లోతు తక్కువ ట్రేలలోకి పంచి, ఐసునీళ్ళ మీద పెట్టి, గంటగంటకూ థర్మామీటరుతో చూసి రాయమని మా టీచరు చెప్పారు. ఆవిడ నాకన్నా పన్నెండేళ్ళు చిన్నది. ఇరవయ్యేళ్ళుగా పొయ్యి దగ్గర ఉన్నదాన్ని, రసం చల్లార్చడం కూడా నాకు ఒకరు నేర్పాలా అని లోపల ఎక్కడో కినుకగా ఉండింది. పైగా ఆ గుండిగను ఒక్కదాన్నే వంచలేను. పక్క పొయ్యి దగ్గరున్న పందొమ్మిదేళ్ళ కుర్రాడు నా చేతులు వణకడం చూసి, "అక్కా, ఓ చెయ్యి వేయనా?" అని అడిగాడు. అక్కరలేదన్నాను. నాకు చేతకాదని వాళ్ళు అనుకుంటారేమోనన్న మొహమాటం తప్ప మరో కారణం లేదు. ట్రేలు తీయలేదు. గుండిగ మీద మూత బిగించి, ఉన్నది ఉన్నట్టుగా చక్రాల బల్ల మీద తోసుకుంటూ వెళ్ళి పెద్ద ఫ్రిజ్‌లో పెట్టేశాను. నోటుపుస్తకంలో అంకెలు ఊహించి రాశాను. అవును తల్లీ, ఊహించే రాశాను.

మర్నాడు ఉదయం మూత తీస్తే కమ్మని వాసన వచ్చింది. పైన తెల్లగా కొవ్వు పేరుకుని ఉంది. దాన్ని గరిటెతో పక్కకు తోసి చేయి లోపల పెడితే గోరువెచ్చగా తగిలింది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నది గోరువెచ్చగా ఉండటమేమిటని నాకు తోచి ఉండవలసింది. ఒక చెంచాడు నోట్లో వేసుకుంటే రుచి బాగానే ఉంది, రంగూ తేటగానే ఉంది. ఇన్నేళ్ళుగా నా ముక్కు, నా నాలుక నన్ను మోసం చేయలేదు కదా అనుకుని, సరిగ్గా మరగనైనా మరగనివ్వకుండా వేడి చేసి, ఆ మధ్యాహ్నం మా తరగతి భోజనంలోకి వాడాను. ఆ రాత్రికే పదకొండు మందికి కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ కుర్రాడికి మాత్రం రెండు రోజులు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. నేను ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడితే, "మీరు బాగానే ఉన్నారా అక్కా?" అని అడిగాడు. నేను ఆ పూట తినలేదని వాడికి చెప్పలేకపోయాను.

ఎందుకు అలా అయిందో టీచరు తరవాత నన్ను కూర్చోబెట్టి, ఒక్క పరుషమైన మాట లేకుండా వివరించారు. మాంసం వంటకాల్లో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి; మరిగించినా అవి చావవు. రసం నెమ్మదిగా చల్లారుతూ గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మేలుకుని విపరీతంగా పెరుగుతాయి. లోతైన గుండిగలో పైభాగం చల్లబడినా నడుమ వేడి అలాగే ఉంటుంది, మూత ఆవిరినీ బయటికి పోనివ్వదు. వాసన మారదు, రుచి మారదు. అందుకే 57 డిగ్రీల సెల్సియస్ నుంచి 21కి రెండు గంటల లోపు, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల లోపు దించాలని వంటశాలల్లో నియమం పెట్టుకున్నారు. దేశాన్ని బట్టి ఈ అంకెలు కొంచెం మారుతాయి. నీ బడిలో ఏది చెబితే దాన్నే పాటించు. మళ్ళీ వేడి చేసేటప్పుడు నడుమ భాగం కూడా 74 డిగ్రీలకు చేరాలి. కొన్ని రకాల సూక్ష్మజీవులు వదిలిన విషం మరిగించినా పోదు కనుక, చల్లార్చడంలో చేసిన తప్పును తరవాత మంటతో దిద్దుకోవచ్చని ఎన్నడూ అనుకోకు.

నీ చేతివంట ఎంత బాగుంటుందో నాకు తెలుసు. చిన్నప్పుడు స్టూలెక్కి నా పక్కన నిలబడి, ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసే చెప్పేదానివి. నాకు భయం వేస్తున్నది ఆ నమ్మకం గురించే. నీకన్నా చిన్నవాళ్ళు నీకు పాఠం చెబుతారు. నీకు తెలిసిన పనినే మొదటి నుంచి చేయమంటారు. చేయి. బరువు ఎత్తలేకపోతే పక్కవాళ్ళను పిలువు. కొలవని అంకె రాయకు, కొలవడం మర్చిపోతే మర్చిపోయానని చెప్పు, వాళ్ళు ఆ గిన్నెడూ పారబోయించినా సరే. నువ్వు ఏడుస్తూ ఫోను చేస్తే నేను ఎత్తుతాను.

ఈ ఉత్తరంతో పాటు నేను ఇరవై రెండేళ్ళు జేబులో పెట్టుకుని తిరిగిన థర్మామీటరు పంపుతున్నాను. ఒక గ్లాసు నిండా ఐసుముక్కలు వేసి నీళ్ళు పోసి, బాగా కలిపి, సూది మొనను గ్లాసు అంచులకు తగలకుండా మధ్యలో ఉంచు. ముల్లు సున్నా దగ్గర ఆగాలి. ఆగకపోతే డయలు కింద ఉన్న చిన్న నట్టును తిప్పి సున్నాకు తీసుకురా. నువ్వు మొదటిసారి పెద్ద గుండిగ చల్లార్చిన రాత్రి, ఎంత పొద్దుపోయినా పరవాలేదు, ముల్లు ఎక్కడ ఆగిందో నాకు ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో,
అత్తయ్య